నాన్న చెట్టు కాయ జర్మనీ వెళ్తుందా?

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లెటూరు. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇది నాకిక్కడ రెండో చలికాలం. దసరా ముందు అమ్మ పార్సిల్ పంపింది. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, అరిసెలు, ఎండు నెత్తళ్లు, అడుగున నా పాత దుప్పటి. కొరియర్ వాళ్లు అన్నీ వెళ్తాయన్నారట. ఇక్కడ కస్టమ్స్‌లో ఆపేశారు. నిషేధించిన సరుకులున్నాయి కాబట్టి పార్సిల్‌ను నాశనం చేశామని కాగితం వచ్చింది. ఆ రోజు క్లాసుకు వెళ్లకుండా ఏడుస్తూ కూర్చున్నాను. అమ్మకు మాత్రం అన్నీ అందాయని చెప్పేశాను. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ‘అరిసెలు మెత్తగానే ఉన్నాయా’ అని అడుగుతోంది. ఉన్నాయి అంటున్నాను.

తిత్లీ తుపానులో మా కొబ్బరి తోట పోయింది. తరవాత నాన్న వేసిన మొక్కలు ఈ ఏడే కాపుకొచ్చాయి. మొదటి గెల ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. అది చూసినా ఏడుపే. ఇక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నేను ‘ఏటి’ అంటే నవ్వుతారు, అందుకని మాట్లాడటం తగ్గించేశాను. పోపు పెడితే హాస్టల్ వంటగదిలో అందరూ కిటికీలు తెరుస్తారు. తిండికీ దుప్పటికీ ఏడవడం పిచ్చేమో అనిపిస్తోంది. పార్సిళ్లు పంపొద్దని అమ్మకు చెప్పెయ్యనా? ఈ బెంగ తగ్గే దారి చెప్పండి.
– ఒక ఉద్దానం అమ్మాయి

సమాధానం: పిచ్చి కాదు తల్లీ. సరుకులన్నీ వరసగా రాసి దుప్పటిని చివర్న పెట్టావు చూడు, నీ ఏడుపు అక్కడుందని నాకు అర్థమైంది. నెయ్యి మళ్లీ కాస్తారు, అరిసెలు మళ్లీ వత్తుతారు. నువ్వు చిన్నప్పటినుంచీ కప్పుకున్న దుప్పటిని మళ్లీ నేసేవాళ్లు లేరు. దానికి ఏడిస్తే ఏడిచావు.

కానీ అమ్మకు చెప్పిన అబద్ధం సంగతి ముందు తేల్చుకో. ఇది ధర్మపన్నం కాదు, లెక్క. అన్నీ అందాయన్నావు కాబట్టి సంక్రాంతికి మీ అమ్మ అదే కొరియర్‌కు అవే సరుకులు, ఈసారి ఇంకో కిలో ఎక్కువ కట్టి ఇస్తుంది. నీకు ఇంకో కాగితం వస్తుంది. రెండో అబద్ధం మొదటిదానికన్నా బరువు. ఈ ఆదివారం ఫోన్ చేసి, ‘అమ్మా, పార్సిల్ రాలేదు, నువ్వు బాధపడతావని చెప్పలేదు’ అను. పది నిమిషాలు కొరియర్ వాళ్లను తిడుతుంది. తిట్టనీ. ఆ తరవాత ‘ఓలమ్మ, మరేటి తింటన్నావే’ అంటుంది. ఆ ఒక్క మాట వినబడక కదా ఇన్నాళ్లుగా కళ్లు ఒత్తుకుంటున్నావు.

ఇక పార్సిల్ ఎందుకు పోయిందో తెలుసుకో, మళ్లీ పోకుండా ఉంటుంది. జర్మనీ ఒక్కటే కాదు, యూరోపియన్ యూనియన్ దేశాలు బయటి దేశాల నుంచి జనం సొంతానికి తెచ్చుకునే మాంసాన్నీ పాల సరుకులనూ రానివ్వవు. పశువుల జబ్బులు వాటితో దాటి వస్తాయని భయం. పెట్టెలో తెచ్చినా పార్సిల్‌లో పంపినా ఒకటే. అందుకే నెయ్యి, కోవా, కోడి పచ్చడి పట్టుబడ్డాయి, వాటితో చేరిన పాపానికి తక్కినవీ పోయాయి. చేపకు ఆ నిషేధం లేదు. సొంత వాడకానికి 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు. (20 కిలోల ఎండు నెత్తళ్లు మీ హాస్టల్‌కు వస్తే కిటికీలు కాదు, హాస్టలే ఖాళీ చేస్తారు. ఆశ పడకు.) ఇంటినుంచి కానుకగా వచ్చే పార్సిల్ విలువ 45 యూరోల లోపు ఉంటే సుంకం ఉండదు. కాగితం మీద ‘ఇంటి సామాన్లు’ అని గుండుగుత్తగా రాయనివ్వకు, ఏది ఎంతో విడివిడిగా రాయించమను. ఇంకెప్పుడూ బట్టనూ తిండినీ ఒకే పెట్టెలో పెట్టించకు.

పచ్చి ఆకులకు, కాయలకు, కూరగాయలకు 2019 డిసెంబరు నుంచి ఇంకో అడ్డు వచ్చింది. చీడపీడలు లేవని మన దేశంలో అధికారి ఇచ్చిన ధ్రువపత్రం లేకుండా అవి లోపలికి రావు. మీ పెరట్లో కరివేపాకు రెబ్బకూ అదే రూలు. ఎండబెట్టి పొడి కొట్టి పంపమను. అయితే ఈ రూలు నుంచి అయిదు పళ్లను వదిలేశారు. అనాస, అరటి, ఖర్జూరం, దురియన్ అనే ముళ్ల పండు, అయిదోది కొబ్బరికాయ. ఈ ఒక్క మాట నీ చెవిన వేద్దామనే ఇంతసేపూ రూల్సు చదివాను.

అవును, మీ నాన్న చెట్టు కాయ స్టుట్‌గార్ట్‌కు వెళ్తుంది. సంక్రాంతికి మన వైపు వచ్చి తిరిగెళ్లే వాళ్లెవరో ఒకరు దొరక్కపోరు. కాయ చేతి సంచిలో వద్దు, మన విమానాశ్రయాల్లో మామూలుగా ఒప్పుకోరు. చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టమను, విమానం వాళ్లను ముందే ఒక మాట అడగమను. ఎండుకొబ్బరి మాత్రం పంపొద్దు. నూనె ఎక్కువున్న సరుకు, తనంతట తనే వేడెక్కి అంటుకోగలదని దాన్ని విమానాల్లో ప్రమాదకర సరుకుల్లో లెక్కిస్తారు. 2018 అక్టోబరులో ఆ తుపాను వెళ్లిన వారానికి నేను పలాస నుంచి సోంపేట వైపు బస్సులో వెళ్లాను. దారి పొడుగునా తలలు తెగిన చెట్లు. ఒక ముసలాయన ‘మళ్లీ కొబ్బరి నీల్లు తాగాలంటే ఆరేడేల్లు బతకాల’ అన్నాడు. మీ నాన్న గెల ఫొటో ఎందుకు పెట్టాడో నాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. మా చిన్నమ్మాయి ఉండేదీ నువ్వున్న రాష్ట్రంలోనే. ఒక చలికాలం 90 రోజుల వీసా మీద వెళ్లాను. రెండు పెట్టెలు, మొత్తం 46 కిలోలు, మా ఆయన తూకం వేసి మరీ సర్దారు. కందిపొడి, నువ్వులపొడి, చోడిపిండి, గుమ్మడి వడియాలు, మూడు రకాల పచ్చళ్లు, చింతపండు, నువ్వులనూనె, పలాస జీడిపప్పు. పదో రోజుకల్లా టికెట్ మార్పించమని గొడవ పెట్టాను. ఇల్లంతా శ్రీకాకుళమే. నాకు మాత్రం శ్రీకాకుళంలో ఉన్నట్టు లేదు. మా అమ్మాయి తల పట్టుకుంది. ‘అన్నీ తెచ్చుకున్నావు కదమ్మా, ఇంకేం కావాలి?’

ఏం కావాలో నాకూ తెలియలేదు. భోగినాడు తెలిసింది. అలవాటు కొద్దీ చీకటితో లేచి బియ్యప్పిండి పట్టుకుని గుమ్మం ముందుకెళ్లాను. రాత్రి మంచు పడింది. తెల్లటి మంచు మీద తెల్లటి చుక్క, పెట్టిన నాకే కనపడదు. లోపలికొచ్చి పిండిలో పసుపు కలుపుకుని వెళ్లి మళ్లీ పెట్టాను. ఏడు చుక్కల ముగ్గు, వేళ్లు కొంకర్లు పోయాయి. పై వాటాలో ఉండే ముసలావిడ కిటికీలోంచి చూసి, మంచు మీద జారకుండా చల్లే ఇసుక అనుకుందట. సాయంత్రం కిందికి దిగి, ఆ పచ్చ ఇసుక ఎక్కడ కొన్నారని మా అమ్మాయిని అడిగింది. ఆ రోజంతా నాకు టికెట్ గుర్తు రాలేదు.

ఇంటి దగ్గర నేను తినేది ఎంత? చేసేదే ఎక్కువ. ఊడవడం, కళ్లాపు, ముగ్గు, నూరడం, చెరగడం, ఎవరికో ఒకరికి గిన్నె పట్టుకెళ్లి ఇవ్వడం. అక్కడ మా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి సీసాల్లోంచి తీసి పెట్టింది. ఊరి రుచి నోటికి తగులుతోంది, చేతికి మాత్రం ఏ పనీ తగలడం లేదు. నీకూ అదే జబ్బని నా అనుమానం. కాబట్టి పార్సిళ్లు మానిపించకు. మీ అమ్మను సరుకు అడగడం తగ్గించి పని అడుగు. అరిసెలు పంపమనకు. పాకం ముదిరిందని వేలికి ఎలా తెలుస్తుందో అడుగు.

దానికి వేళ కుదుర్చుకో. చలికాలంలో మనం మీకన్నా నాలుగున్నర గంటలు ముందు, మార్చి ఆఖరి ఆదివారం నుంచి మూడున్నర. శనివారం మీ అమ్మ 11:30కి పొయ్యి దగ్గర ఉంటే నీకు ఉదయం 7. లేవలేనంటావు. లే. హాస్టల్ వంటగది ఆ వేళకు ఖాళీగా ఉంటుంది, కిటికీ తెరిచేవాడు నిద్రలో ఉంటాడు. ఫోన్ పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుని ఇద్దరూ ఒకే కూర వండండి.

మొదటి కూర నేను చెప్తాను, పనసపొట్టు ఆవ కూర. ఉద్దానం పిల్లకు పనస గురించి శ్రీకాకుళం టౌన్‌లో కూర్చుని నేను చెప్పడం కొంచెం నవ్వులాటే. ఏషియన్ షాపుల్లో పచ్చి పనస డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పునీళ్లలో వేసింది తీసుకో, చక్కెర పాకంలో ఉండేది పండు. నీళ్లు వంచేసి, రెండుసార్లు కడిగి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, కత్తితో సన్నగా కొట్టు. మీ వాకిట్లో పెద్దకత్తితో కొట్టే చప్పుడు రాదు, పొట్టు మాత్రం వస్తుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, ఇంగువ పోపు వేసి, పొట్టు మగ్గించి, చింతపండు పులుసు పొయ్యి. ఎండుమిర్చి మాడనివ్వకు. కిటికీలు తెరిపించేది పోపు కాదు, మాడిన మిర్చి.

ఇక ఆవ. గోదావరి వాళ్లు అది తమదంటారు, అననీ. జర్మన్లకూ ఆవ కొత్త కాదు. సాసేజీ పక్కన పసుపుపచ్చ ముద్ద పెట్టుకుంటారే, జెన్ఫ్ అని, అది ఆవే. కానీ ఆ సీసా నీకు పనికిరాదు, అందులో వెనిగర్ ఉంటుంది. గింజలు కొను. సూపర్‌మార్కెట్‌లో ఎక్కువగా ఉండేవి పసుపుపచ్చ ఆవాలు, అవి నాలుకను చురుక్కుమనిపిస్తాయి గానీ ముక్కుకెక్కవు. గోధుమరంగువి వెతుక్కో, లేదా ఇండియన్ షాపులో మన ఆవాలే తెచ్చుకో. ఆవ ఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజ నలిగి, తడి తగిలాకే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవగింజ నమిలితే ఘాటు లేకపోవడం అందుకే. మీ అమ్మ కూర దించి, ఆవిరి పోయేదాకా ఆగి అప్పుడు ఆవ కలపడమూ అందుకే. ఎందుకని అడిగితే ఆవిడ ‘వేడి మీద కలిపితే చేదెక్కిపోద్ది’ అంటుంది. అదీ నిజమే. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు నానబెట్టి చిన్న రాతిరోట్లో నూరు. మిక్సీ వేస్తే ఇరుగుపొరుగుతో తగాదా. అక్కడ ఆదివారమంతా, మామూలు రోజుల్లో రాత్రి 10 దాటాక చప్పుడు చెయ్యకూడదు కదా. (మిక్సీ ఇక్కడినుంచి తెచ్చుకోవాలంటే తెచ్చుకో. కరెంటు రెండుచోట్లా 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టర్ చాలు.) నూరిన ముద్దలో చెంచా నువ్వులనూనె కలిపి, చల్లారిన కూరలో వేసి మూత పెట్టు. మొదటి ముద్దకు ముక్కు మండి కళ్లలో నీళ్లొస్తాయి. ఏడుపో ఆవో ఎవడికీ తెలియదు.

వండిన కూరలోంచి చిన్న గిన్నెడు, కిటికీ తెరిచేవాళ్లలో ఒకరికి ఇవ్వు. అందరికీ పంచకు, అది బతిమాలుకున్నట్టు ఉంటుంది. ఎవరైనా నీ ముఖం చూసి మాట్లాడే మనిషికి చాలు. బదులుగా వాళ్ల పప్పు పెట్టమను. స్టుట్‌గార్ట్ వైపు సొంత వంట పప్పే తెలుసా? గోధుమరంగు పప్పు ఉడికించి, పైన వెనిగర్ పోసి, స్పెట్స్‌లె అనే పిండి ముక్కలతో తింటారు. మా అమ్మాయి అత్తవారింటి వాళ్లు వచ్చినప్పుడు హోటల్లో తిన్నాను. ఇంగువ మరిచిపోయిన పప్పుపులుసులా ఉంది. పక్కన సాసేజీ వద్దని ముందే చెప్పాలి, లేదంటే పెట్టేస్తారు.

ఏప్రిల్ వచ్చాక రబార్బర్ అని ఎర్రటి పుల్లటి కాడలు బజారుకొస్తాయి, జూన్ దాకా ఉంటాయి. వాటితో పప్పు చేస్తే మామిడికాయకూ గోంగూరకూ మధ్య ఎక్కడో ఉంటుంది. కాడ మాత్రమే తినాలి, ఆకు విషం. ఇది రెండుసార్లు చదువుకో. మన చుక్కకూరకు అక్క వరస అయ్యే కూర కూడా అక్కడుంది, జావర్‌అంప్ఫర్ అంటారు. బెంగగా ఉన్న రాత్రి ఇవేవీ చెయ్యాలనిపించదు. ఆ రాత్రికి తోడన్నం పెట్టుకో. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో పెట్టు. తెల్లారేసరికి తోడుకుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి. నీ మాటకు నవ్వే అమ్మాయిలు ముక్కు విరిస్తే విరవనీ.

వాళ్ల సంగతికే వస్తున్నాను. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది అక్కడే. నీ ఉత్తరమంతా చదివాను, ‘ఏటి’ ఒక్కటి తప్ప మన మాట ఒక్కటీ లేదు. అదీ వాళ్లు నవ్విన మాట కాబట్టి రాశావు. ఊరికి దూరంగా ఉన్నావు సరే, నోట్లో ఉన్న ఊరిని కూడా నువ్వే కస్టమ్స్‌లో పెట్టేస్తే ఎలాగే గుంటా? ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని అందరూ వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుకుంటారు. అది గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడిన ఆయన 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. మన జిల్లా. ఈసారి ఎవరైనా నవ్వితే ఆ తారీఖు చెప్పు.

పైగా నువ్వు వెళ్లి పడ్డ ఊరు మామూలు ఊరు కాదు. స్టుట్‌గార్ట్ వాళ్ల యాస చూసి తక్కిన జర్మన్లు నవ్వుతారు. అయితే ఆ రాష్ట్ర ప్రభుత్వం 1999లో తమ ప్రచారానికి పెట్టుకున్న నినాదం ఏమిటో తెలుసా? ‘మాకు అన్నీ వచ్చు, ప్రామాణిక జర్మన్ తప్ప.’ పెద్ద పెద్ద పోస్టర్ల మీద వేసుకున్నారు. మా అల్లుడు చెబితే నమ్మలేదు, ఫొటో చూపించాక నవ్వాగలేదు. అలాంటి చోట కూర్చుని నువ్వు ‘ఏటి’ మింగేస్తున్నావు.

నవ్వేవాళ్లను మార్చడం నీ పని కాదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన వాళ్లు అక్కడ ఒక్కరైనా ఉంటారు, వాళ్లూ నీలాగే నోరు మూసుకుని ఉంటారు. నువ్వు నలుగురిలో ‘నానెల్తన్నాను’ అని ఒకసారి పైకి అను, వాళ్లే బయటపడతారు. ఎవరూ దొరకని వారం మీ నాయనమ్మకు వాయిస్ మెసేజీ పెట్టు. లేదా కాళీపట్నం రామారావుగారు 1997లో మన శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం వాళ్ల వెబ్‌సైటు తెరిచి ఏదో ఒక ఉత్తరాంధ్ర కథ పైకి చదువుకో, మనసులో కాదు. గదిలో నీ గొంతుతో మన యాస వినపడాలి.

దుప్పటికి మందు లేదన్నట్టు మొదట్లో వదిలేశాను గానీ, ఆలోచిస్తే ఒకటి ఉంది. మీ అమ్మను రెండు పాత నూలు చీరలు పంపమను, బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డవి. వాటికి సుంకమూ నిషేధమూ లేవు, బరువూ లేదు. ఒకదాని మీద ఒకటి మడతలు వేసి, సూదీ దారంతో నువ్వే బొంత కుట్టుకో. వంకరగా వస్తుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, ఆ పొడుగు రాత్రులకు చేతిలో పని ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మళ్లీ అమ్మకే వీడియో కాల్. ఆవిడా చేతులు ఖాళీగానే కూర్చుని ఉంటుంది, పిల్ల జర్మనీ వెళ్లాక.

పొద్దు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అరసవల్లి సూర్యనారాయణమూర్తి జిల్లా పిల్లవి, ఆయన ముఖం చూడకుండా నాలుగు నెలలు గదిలో ఉంటే మనసు బాగుండమంటే ఎలా ఉంటుంది? మధ్యాహ్నం పన్నెండుకు, మబ్బుగా ఉన్నా సరే, అరగంట బయట నడువు. కేర్‌వోహె, అంటే ఊడ్చే వంతు, నీకు వచ్చినప్పుడు విసుక్కోకు. మీ హాస్టల్లో ఆ వంతు లేకపోవచ్చు గానీ, ఆ ఊళ్లో వాటాల వాళ్లు వారానికొకరు వంతులేసుకుని మెట్లూ ముంగిలీ ఊడుస్తారు, వంతు పలక తలుపుకు తగిలిస్తారు. నాకైతే అది చూశాకే వాళ్లూ మన వాళ్లే అనిపించింది.

ఇవన్నీ మామూలు బెంగకు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సయించక, క్లాసులు వరసగా మానేస్తూ ఉంటే అది వేరే సంగతి. ఆవ కూరతో పోయేది కాదు. విద్యార్థుల బాగోగులు చూసే ష్టూడీరెండెన్‌వెర్క్ అని ఉంటుంది కదా, వాళ్ల దగ్గర కౌన్సెలింగ్ ఉంది, నీ మాట బయటకు పోదు. సిగ్గుపడకుండా వెళ్లు. పంటి నొప్పికి వెళ్లమా?

ఇక కాయ. నాన్నకు ఫోన్ చేసి, ఆ మొదటి గెలలో బాగా ముదిరిన కాయ ఒకటి నీ పేరు చెప్పి పక్కన పెట్టమను. పీచు అంతా ఒలిచి, పిలక దగ్గర గుప్పెడు ఉంచమను, కళ్లు పగలకుండా ఉంటాయి. సంచిలో వేసేముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూడమను, నీళ్లు గలగలమంటే ఆ కాయే పంపమను. అది వచ్చాక ఒక్కదానివీ కొట్టుకు తినకు. కూర తిన్న మనిషినీ, యాస దొరికిన మనిషినీ పిలువు. కొట్టేటప్పుడు ఫోన్ నాన్న వైపు తిప్పి పెట్టు. నీళ్లు ఎన్ని గుక్కలొచ్చాయని అడుగుతాడు, కొబ్బరి ఎంత మందంగా ఉందని అడుగుతాడు. చూసి చెప్పు.